బియ్యంలో దాచిన ఫ్లాపీ

మా హైస్కూల్లో కంప్యూటర్ గదికి ఉన్న మర్యాద హెడ్మాస్టరు గారి గదికి కూడా ఉండేది కాదు. ఆయన గదిలోకి చెప్పులతో వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. కంప్యూటర్ గదిలోకి మాత్రం వరండా చివర కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, గుమ్మంలో వేసిన గోనెపట్టా మీద తుడుచుకుని, అప్పుడు అడుగుపెట్టాలి. మాది రాజోలు వైపు ఊరు. వానాకాలమంతా కాలవగట్టు బురద మోకాళ్ళదాకా అంటుకునేది. ఆ కాళ్ళు చూసి కంప్యూటర్ సారు మొహం అదోలా పెట్టేవాడు. "మీకంటే ఆ పెట్టెలు ఖరీదురా" అనేవాడు. మేం పళ్ళికిలించేవాళ్ళం. తిట్టాడని కూడా తెలియని వయసు.

ఆ పెట్టెలు మాత్రం కొత్తవేమీ కావు. ఎక్కడో ఏ ఆఫీసులోనో వాడి వాడి పక్కన పడేస్తే మా స్కూలుకి తోలారు. తెల్లగా ఉండాల్సినవి పసుపురంగుకి తిరిగిపోయాయి. పదకొండు దిగితే ఏడు పనిచేసేవి. తొమ్మిదో తరగతిలో మేము యాభైమందికి పైన. ఒక్కో కంప్యూటరు ముందు ఏడెనిమిది మందిమి మూగేవాళ్ళం. ఒకడు మౌసు పట్టుకుంటాడు, ఒకడు కీబోర్డు నొక్కుతాడు, మిగతావాళ్ళు భుజాల మీంచి తొంగి చూస్తారు. ఏడాది మొత్తం చూడడంతోనే సరిపెట్టుకున్న వాళ్ళున్నారు. ఆడపిల్లలు దాదాపు అందరూ ఆ లెక్కలోకే వచ్చేవారు.

నేను లీడర్ని. చదువులో మొదటివాణ్ణేమీ కాదు. కంప్యూటర్ సారు మా పెరటి వాటాలో అద్దెకుండేవాడు, అంతే. పొద్దున్నే గది తాళంచెవి నా చేతికిచ్చేవాడు. నేను ముందుగా వెళ్ళి తలుపు తీసి, గుడ్డ తొడుగులు విప్పి మడతపెట్టి, తెరల మీద దుమ్ము తుడిచి ఉంచాలి. ఆ రోజు ఎవరు మౌసు పట్టుకోవాలో, ఎవరు వెనక నిలబడాలో చెప్పేది కూడా నేనే. పద్నాలుగేళ్ళవాడికి అంత పెత్తనం ఇవ్వకూడదు. నేను దాన్ని ఎలా వాడుకున్నానో ఇప్పుడు చెబుతాను. వింటూ వింటూ మధ్యలో "పాపం పిల్లతనం" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చేస్తున్నది ఏమిటో నాకు అప్పుడే తెలుసు.

సారు చెప్పిన పాఠాల్లో మాకు పనికొచ్చింది ఒక్కటే. ఫ్లాపీలు బియ్యంలో పెట్టుకోమన్నాడు. గుంపుకొక ఫ్లాపీ ఇచ్చి, అందులో మా లెక్కలూ బొమ్మలూ దాచుకుని ఇంటికి పట్టుకెళ్ళమనేవాడు. అరచేయంత నల్లటి చదరపు బిళ్ళ. మా కోనసీమ చెమ్మకి ఆర్నెల్లలో దాని లోపలి రేకుకి తెల్లగా బూజు పట్టేసేది. బూజు పట్టిందంటే కంప్యూటరు గరగరమని మూలిగి, చదవలేనని చెప్పేసేది. బియ్యం చెమ్మని పీల్చేస్తాయి గనక, గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెడితే ఏళ్ళ తరబడి ఉంటుందనేవాడు సారు. సగం మంది అలాగే చేశారు. మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"తినే బియ్యంలో ఆ ప్లాస్టిక్కు ముక్కేవిట్రా, అసయ్యంగా!" అని తీసి రేడియో వెనక పెట్టింది. నా ఫ్లాపీ అక్కడే ఉండేది.

సారు ఇంకోమాట కూడా గట్టిగా చెప్పాడు. బయటి ఫ్లాపీ ఏదీ గదిలోకి రాకూడదు. దాంట్లో వైరస్ ఉంటే, కలరా పాకినట్టు ఏడు కంప్యూటర్లకీ పాకిపోతుందట. ఒకసారి పదో తరగతి కుర్రాడు ఒకడు అమలాపురం నుంచి ఏదో తెచ్చి పెట్టబోతే, సారు దాన్ని లాక్కుని, మా అందరి ముందూ వరండాలో చెప్పుకాలితో తొక్కి ముక్కలు చేశాడు. ఆ ముక్కల్ని వాడిచేతే ఏరించాడు.

అలాంటి గదికి తాళంచెవి నా దగ్గరుందని తెలిసి ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

మా తరగతే. ఆడపిల్లల వరసలో మూడో బెంచీలో గోడవైపు కూర్చునేది. నాన్న చిన్నప్పుడే పోయాడు. తను ఐదో తరగతిలో ఉండగా అమ్మ కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. మా ఊళ్ళో అలాంటి ఇళ్ళు వీధికి రెండు మూడుండేవి కాబట్టి అదేమీ మాకు వింత కాదు. శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు సాయంత్రం కిరాణాకొట్టు ఫోనుకి వాళ్ళమ్మ ఫోను చేసేది. స్కూలు విడిచిపెట్టగానే ఈ అమ్మాయి సంచీతో సహా ఆ కొట్టు అరుగు మీద కూర్చునుండడం నేను ఎన్నోసార్లు చూశాను. బొమ్మలు బాగా గీసేది. అంతకుమించి నాకు ఆమె గురించి ఏమీ తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఒకరోజు ఇంటర్వెల్లో లెక్కల నోటుపుస్తకం మధ్యలోంచి ఫ్లాపీ తీసి చూపించింది. దానికి బియ్యపు తవుడు అంటుకుని ఉంది.

"లీడరూ, ఇందులో మా అమ్మ ఫోటో ఉందంట. ఒక్కసారి తెరిచి చూపించవా?"

"ఉందని నీకెవరు చెప్పేరు?"

"అమ్మే ఫోన్లో చెప్పింది. వాళ్ళ మేడం గారబ్బాయి తీసి ఇందులో ఎక్కించేడంట. పక్కూరి వాళ్ళెవరో వస్తుంటే ఇచ్చి పంపించింది."

"సారు చూస్తే తొక్కేస్తాడు."

"సారు లేనప్పుడు చూపించు. ఒక్క నిమిషం చాలు."

నేను వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే పెత్తనం ఏముంది? అటూ ఇటూ చూసి, నిట్టూర్చి, కష్టమన్నట్టు తల ఊపాను. అప్పుడా అమ్మాయి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "ఇదివరకు కళ్ళు మూసుకుంటే అమ్మ మొహం కనపడేది లీడరూ. ఇప్పుడు కనపట్టం లేదు. ఇంట్లో ఉన్న ఫోటో పెళ్ళప్పటిది, అందులో అమ్మ అమ్మలాగ లేదు."

ఏ మాత్రం మనసున్నవాడైనా ఆ మాటకి అప్పుడే తలుపు తీసేవాడు. నేను నా సైన్సు రికార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

గుండె బొమ్మ గీసిచ్చింది. రక్తనాళాలకి ఎర్రరంగూ నీలంరంగూ వేసి మరీ ఇచ్చింది. ఆ రోజు సారున్నాడన్నాను. కన్ను బొమ్మ గీసిచ్చింది. కరెంటు లేదన్నాను. మందారపువ్వు, మూత్రపిండం, చెవి, ఆకు అడ్డుకోత. ప్రతి బొమ్మ ఇచ్చేటప్పుడూ "ఈరోజైనా చూపిస్తావా?" అని అడిగేది. నేను ప్రతిసారీ ఒక వంక చెప్పేవాణ్ణి. వంకలన్నీ అబద్ధాలే. సారు మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీసేవాడు, ఆ గంటలో పది ఫోటోలు చూపించొచ్చు. కానీ ఆ అమ్మాయి అలా అడగడం నాకు బాగుండేది. నా జీవితంలో నన్ను అంత ఆశగా చూసిన మనిషి అప్పటిదాకా లేదు. పక్కబెంచీ వాడికి కూడా చెప్పి నవ్వుకునేవాణ్ణి, "దీని చేత మొత్తం రికార్డు గీయించేస్తాను చూడు" అని. అన్నట్టే గీయించాను. ఆ ఏడాది రికార్డుకి తరగతిలో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి.

ఆ రోజుల్లో మాకు ఇంకో పిచ్చి ఉండేది. నాలుగో నంబరు కంప్యూటర్లో ఒక కారు ఆట దొరికింది. పాత ఆఫీసువాళ్ళు మర్చిపోయి వదిలేసిందేమో. ఎర్రటి చిన్న కారు, నల్లటి రోడ్డు, ఎదురుగా వచ్చే లారీలు. లారీకి తగలకుండా ఐదు రోడ్లు దాటాలి. గుద్దితే కారు ముక్కలై, పీపీ అని ఏడుపులాంటి మోత వచ్చేది. నేను నాలుగో రోడ్డు దాకా వెళ్ళాను. బి సెక్షన్ లీడరు కూడా నాలుగు దాటాడు. ఐదో రోడ్డు ఎవరు ముందు దాటుతారో అని రెండు సెక్షన్లూ పందాలు కాసుకున్నాయి. ఎంతవరకు వెళ్ళామో ఆ ఆటే గుర్తుపెట్టుకునేది. కాబట్టి ఆట పోతే నా నాలుగు రోడ్లూ పోయినట్టే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సారు చావుకబురు చల్లగా చెప్పాడు. సోమవారం పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. సాయంత్రం అన్ని కంప్యూటర్లూ తుడిచేసి మళ్ళీ శుభ్రంగా ఎక్కిస్తాడట. "ఆటలూ గీటలూ అన్నీ పోతాయి, పీడా విరగడైపోద్ది" అన్నాడు నావైపే చూస్తూ. నాలుగున్నరకి స్కూలు వదిలాక నేను వెళ్ళి తొడుగులు తీసి ఉంచాలి, ఐదింటికి ఆయన వస్తాడు.

ఆ అరగంటలో ఆటని ఫ్లాపీలోకి ఎక్కించేసుకోవచ్చని నా ఆలోచన. అదే రోజు ఫోటో చూపిస్తానని ఆ అమ్మాయికి కూడా ముందే మాటిచ్చాను. గీయించడానికి ఇంక బొమ్మలు మిగల్లేదు మరి. పొద్దున్నే ఫ్లాపీ నా చేతికిచ్చేసింది, వాళ్ళమ్మ ఫోను చేసేవేళకి ఫోటో చూసి ఉండాలని ఆమె ఆశ. "చూశానని చెప్తాను అమ్మకి" అంది.

నాలుగున్నరకి తలుపు తీశాను. అమ్మాయి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి, గోనెపట్టా మీద తుడుచుకుని, గుమ్మం బయటే నిలబడింది. "నేను పిలిచేదాకా లోపలికి రావద్దు" అన్నాను. అలాగే అని తల ఊపింది. నేను తలుపు దగ్గరగా వేశాను.

ముందు, ఇంటికి పరిగెత్తి తెచ్చుకున్న నా ఫ్లాపీ పెట్టాను. కంప్యూటరు గరగరమంది. తీసి, తుడిచి, ఊది మళ్ళీ పెట్టాను. మళ్ళీ గరగర. నల్లటి రేకు జరిపి చూస్తే లోపల తెల్లగా బూజు. రేడియో వెనక గోడకి చెమ్మ దిగేది మా ఇంట్లో.

జేబులో ఇంకో ఫ్లాపీ ఉంది.

అది పెట్టాను. ఒక్క గరగర లేదు, అద్దంలా తెరుచుకుంది. అందులో ఒకే ఒక్క ఫోటో. ఏముందో చూద్దామని దాన్ని తెరిచాను. ఆ కంప్యూటర్ల నత్తనడకకి ఫోటో ఒక్కసారిగా రాదు, పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతుంది. ముందు ఒక నీలం కర్టెను అంచు వచ్చింది. తర్వాత నల్లటి జుట్టు, మధ్యలో పాపిడి. తర్వాత నుదురు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటులాంటి మచ్చ. కనుబొమ్మల దాకా వచ్చి ఆగింది, డ్రైవు ఇంకా తిరుగుతూనే ఉంది. గోడగడియారం చూశాను. ఐదుకి పదిహేను నిమిషాలు తక్కువ.

అప్పుడు తలుపు తీసి ఆ అమ్మాయిని పిలవాలి. నాలుగడుగుల దూరంలో ఉంది. గాజుల చప్పుడు కూడా వినపడుతోంది నాకు. రెండు నిమిషాలు చూపించి పంపించేసి, ఆ తర్వాత నేను ఏ ఎదవపని చేసినా ఆమెకి అంత నష్టం ఉండేది కాదు. ఆ మాత్రం కూడా చెయ్యలేదు. ఆమె లోపలికొస్తే ఫ్లాపీ తిరిగి అడుగుతుంది. ఇవ్వాల్సొస్తుంది. ఇస్తే నా నాలుగు రోడ్లు పోతాయి. ఇదీ నా లెక్క. ఫోటో సగంలో ఉండగానే మూసేశాను.

ఆటని ఎక్కించబోతే చోటు చాలదంది. ఫోటో ఫ్లాపీ నిండా ఉంది. దాన్ని చెరపమన్నాను. చెరపడానికి వీల్లేదు, తాళం ఉందంది. ఫ్లాపీకి వెనక మూల చిన్న నల్లటి మీట ఉంటుంది, కిటికీ తలుపులాగ. దాన్ని పైకి జరిపి ఉంచితే ఎవరూ అందులో ఏదీ చెరపలేరు, రాయలేరు. పంపినవాళ్ళు జాగ్రత్తగా దాన్ని పైకి జరిపి పంపారు. నేను ఫ్లాపీ బయటికి తీసి, బొటనవేలి గోరుతో ఆ మీటని కిందికి జరిపాను. టిక్కుమంది.

తప్పు జరిగిందని ఎవరైనా అంటే నాకు ఆ టిక్కు వినపడుతుంది. తప్పు జరగలేదు, నేను గోరుతో చేశాను.

ఫోటో పోయింది. ఆట ఎక్కింది. ఫ్లాపీ జేబులో వేసుకుని తలుపు తీసేసరికి వీధిలో సారు మోపెడ్ చప్పుడు. "సారొచ్చేసేడు, సోమవారం చూద్దాం" అన్నాను. ఆ అమ్మాయి ఏడవలేదు, కోప్పడలేదు. "ఫ్లాపీ జాగ్రత్త లీడరూ, బియ్యంలో పెట్టు" అని చెప్పి, సంచీ తగిలించుకుని కిరాణాకొట్టు వైపు పరిగెత్తింది.

సోమవారం తనిఖీ అయిపోయింది. వచ్చినాయన గుమ్మంలోంచే చూసి, కాళ్ళు కడుక్కోవడం బద్ధకమై లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. నేను ఆటని మళ్ళీ నాలుగో నంబరులోకి దించుకుని, ఫ్లాపీలోంచి చెరిపేశాను. మర్నాడు సారు కునుకు తీసే వేళకి ఆ అమ్మాయిని పిలిచాను. పక్కబెంచీ వాడూ ఇంకో ఇద్దరూ కూడా వెనకాలే వచ్చారు. నేను రావద్దనలేదు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. మౌసు కూడా ఆమె చేతికే ఇచ్చాను.

నొక్కింది. తెల్లటి పలక తెరుచుకుంది. అందులో ఏమీ లేదు.

"ఇంకా రావాలా?" అని అడిగింది.

"రావడానికేముంది? ఖాళీ. మీ అమ్మ ఖాళీ ఫ్లాపీ పంపించింది."

"కాదు, ఫోటో ఉందని చెప్పింది. మొన్న శుక్రవారం కూడా చూశావా అని అడిగింది."

"కంప్యూటరు అబద్ధం చెప్తాదా?" అన్నాను. సారు ప్రతి క్లాసులోనూ చెప్పే మాట అది. మనుషులు అబద్ధం చెబుతారు గానీ కంప్యూటరు చెప్పదని. వెనక ముగ్గురూ కిసుక్కుమని నవ్వారు. ఆ అమ్మాయి మళ్ళీ ఒకసారి నొక్కింది. ఇంకోసారి నొక్కింది. తర్వాత ఫ్లాపీ బయటికి తీసుకుని, లంగాకి తుడిచి, నోటుపుస్తకంలో పెట్టుకుని లేచింది. "ఆయ్" అంది. మా వైపు పెద్దవాళ్ళ మాటకి సరేనని అంటాం అలాగ. నా తోటి పిల్ల నాతో ఆ మాట అనడం ఎప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రమే ఆమెకి ఖాళీ అని పేరు పెట్టాను. పెట్టింది నేనే, ఇంకెవరి మీదకీ తొయ్యను. వారంలో తరగతంతా పాకింది. "ఖాళీ వచ్చింది", "ఖాళీ పక్కన కూర్చోకు". టీచర్లకి అర్థం కాక వాళ్ళూ నవ్వేవారు. శుక్రవారం సాయంత్రాలు కొట్టు అరుగు మీద ఆమె కనపడడం మానేసింది. కొట్టాయన కుర్రాళ్ళని కేకేసి, "వాళ్ళమ్మ లైన్లో ఉంది, పిల్లని పంపించండ్రా" అంటే, అమ్మమ్మ ఒక్కతే కర్రపుచ్చుకుని వచ్చేది.

ఐదో రోడ్డు నేను దాటాను. బి సెక్షన్ వాడికంటే రెండు రోజులు ముందు. దాటాక తెర మీద ఒక కప్పు బొమ్మ వచ్చి, మళ్ళీ మొదటి రోడ్డు మొదలైంది. అంతే. పదిరోజులకి ఆ ఆట మొహం చూసినవాడు లేడు, అందరం క్రికెట్టుకి పోయాం.

పదో తరగతి అయ్యాక ఆ అమ్మాయి ఏమైందో నేను పట్టించుకోలేదు. నర్సింగు చదివిందని ఎవరో అన్నారు. నేను కాకినాడలో ఉద్యోగంలో చేరాను. రోజంతా కంప్యూటరు ముందే. చెరిపేసిన ఫోటోని వెనక్కి తెచ్చుకోవచ్చని ఆ ఉద్యోగంలోనే తెలిసింది, దాని మీద ఇంకేదీ ఎక్కించకుండా ఉంటేనే. నేను కారు ఆట ఎక్కించాను.

మొన్నీమధ్య బంధువుల ఇంట్లో పని ఉండి రాజోలు వెళ్ళాను. తిరుగు బస్సుకి ఇంకా గంట ఉంది. బస్టాండు పక్క సందులో ఒకావిడ చిన్న హోటలు నడుపుతోంది, రెండు బల్లలు, పైన రేకులు. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు పొగలు కక్కుతుంటే కూర్చున్నాను. ఆవిడ చట్నీ వేస్తూ నా మీదుగా వంగింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటులాంటి మచ్చ. జుట్టు నెరిసింది గానీ పాపిడి మధ్యలోనే ఉంది.

ఇరవై ఏళ్ళకి పైబడి నా దగ్గరున్న సగం ఫోటోకి మిగతా సగం నా ఎదురుగా నిలబడి "ఇంకో రెండు వెయ్యమంటారా బాబు గారూ?" అని అడుగుతోంది.

లేచి వెళ్ళిపోయి ఉండొచ్చు. కూర్చున్నాను. ఏ ఊరని అడిగితే చెప్పాను. ఏ స్కూలని అడిగితే చెప్పాను.

"మా అమ్మాయీ ఆ స్కూలేనండి! తమరేం చేస్తారండి?"

"కంప్యూటర్ల పనండి."

ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది. "అయితే తమర్ని ఒకటి అడగాలండి. నేను కువైట్లో ఉన్నప్పుడు అమ్మాయికి నల్ల బిళ్ళ ఒకటి పంపించేనండి, చదరంగా ఉంటాది. అందులో నా ఫోటో. పిల్లకి పచ్చ గౌను కొని, మెడ దగ్గర ఇలా పట్టుకుని నిలబడ్డానండి. పొడుగు సరిపోతాదో లేదో చూసి చెప్పమని. ఎవరూ చెరపకుండా తాళం కూడా వేసిచ్చేడండి మేడం గారబ్బాయి, మూల చిన్న తలుపుంటాది, నాకు చూపించేడు. మరి అమ్మాయేమో అందులో ఏమీ లేదంది. ఆ మాట తర్వాత ఇంక ఫోనుకి రాలేదండి. గౌను అక్కడే ఎవరి పిల్లకో ఇచ్చేసేను."

నేను చట్నీ వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఇప్పుడు మస్కట్లో నర్సండి. ఫోను చేస్తే మాటాడతాది, కానీ నన్ను మీరు అంటాదండి. కన్నతల్లిని. నేను అబద్ధం ఆడేనని దాని మనసులో పడిపోయింది. ఆ బిళ్ళ తనంతట తను పాడైపోతాదాండి? తమకి తెలుస్తాది కదా."

ఆవిడ అడిగింది సూటి ప్రశ్న. నేను నా ఫ్లాపీకి పట్టిన బూజుని తీసి ఆవిడ ఫ్లాపీకి అంటించాను. "పాడైపోయేవండి అప్పట్లో. మన దగ్గర చెమ్మ కదా. బూజు పట్టేసి ఖాళీగా కనపడేవి."

ఆవిడ మొహం విప్పారిపోయింది. "చెమ్మేనాండి! నా తల్లే! నేనేదో పాపం చేసేననుకున్నాను." చేతులకి పిండంటుకుని ఉంటే, ఫోను బల్ల మీదే పెట్టి మోచేత్తో జరిపి, చిటికెనవేలితో నొక్కి స్పీకరు పెట్టింది. నేను ఆపబోయాను. ఆవిడ నా వైపు చూసే స్థితిలో లేదు.

"ఏమండీ, డ్యూటీలో ఉన్నాను" అంది అవతలి గొంతు.

"అమ్మలూ, ఒక్క నిమిషమమ్మా. ఆ బిళ్ళ చెమ్మకి పాడైపోయిందంట! కంప్యూటర్లు తెలిసినాయన చెప్పేరు. నేను పంపించేను తల్లీ, నిజంగా పంపించేను."

ఆమె నెమ్మదిగా, "చెమ్మ కాదండి. నేను దాన్ని బియ్యం డబ్బాలో పెట్టేను. రోజూ తీసి చూసుకునేదాన్ని. ఎవరాయన?"

"మీ స్కూలే అంట. కాకినాడలో ఉంటారంట."

"ఆయనకివ్వండి."

ఆవిడ సంబరంగా ఫోను నా వైపు జరిపింది.

"లీడరా?"

"ఆఁ."

ఎందుకు చేశావని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "అందులో ఏముంది?" అంది.

ఏమీ లేదని ఇంకోసారి చెప్పొచ్చు. నాకు అలవాటే. "నేను సగమే చూశాను" అన్నాను. "నీలం కర్టెను. పాపిడి. నుదురు. కనుబొమ్మల దాకా వచ్చింది. తర్వాత మూసేసి, చెరిపేశాను. ఆట ఎక్కించుకోడానికి."

పొయ్యి మీద నీళ్ళు కాగుతున్న చప్పుడు వినపడుతోంది.

"నేను ఆ సగం కూడా చూళ్ళేదు" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆవిడ చీరచెంగుతో ఫోనుకంటిన పిండి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. నా ప్లేటులో ఇంకో పొట్టిక్క అలాగే ఉంది, ఆకు కూడా విప్పలేదు. ఆవిడ ప్లేటు నా ముందునుంచి తీసుకుని, దాన్ని ఆకుతో సహా బకెట్లో పారేసింది.

"లెగు" అంది.